భూకంపం గుర్తు కాదంటారు, తోట మాత్రం గుర్తంటారు... ఏంటండీ ఈ లెక్క?

ప్రశ్న: నమస్కారమండీ. కాలేజీలో సాహిత్యం చెప్తాను. ఈ సెమిస్టర్ ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ నవల 'కాండీడ్' ఉంది, అందుకని ముందు రెండు క్లాసులు ఎన్‌లైటెన్‌మెంట్ (దేన్నైనా బుద్ధితో ప్రశ్నించాలన్న యూరప్ ఆలోచనా ఉద్యమం) గురించి చెప్పాను, అంటే భూకంపం వస్తే దేవుడి కోపానికి గుర్తు అనుకునేవాళ్ళు, అలాంటి నమ్మకాల్ని వీళ్ళు నిలదీశారు అని. తర్వాత నవల చివర వచ్చే తోట దేనికి ప్రతీక అని అడిగితే ఓ అమ్మాయి లేచి, "మేడమ్, భూకంపంలో అర్థం వెతికితే మూఢనమ్మకం, తోటలో వెతికితే సాహిత్యమా, తేడా ఏంటి" అంది. క్లాసంతా ఒకటే నవ్వు. వచ్చే క్లాసులో మాట్లాడుకుందాం అన్నాను. ఏం చెప్పమంటారు?
— ఒక లెక్చరర్

జవాబు: ముందు ఆ అమ్మాయికి నా తరఫున ఓ శభాష్ చెప్పండి. మీరు చెప్పింది బుర్రకెక్కింది కాబట్టే ఆ ప్రశ్న వచ్చింది. ప్రతీకల్ని, ఎన్‌లైటెన్‌మెంట్‌నీ పక్కపక్కన పెట్టి ఎందుకు చెప్పాలి అని నన్నడిగితే ఇదిగో సరిగ్గా ఈ ప్రశ్న కోసమే అంటాను.

తేడా ఎక్కడుందంటే, తోటని అక్కడ పెట్టిన మనిషి ఒకడున్నాడు. కూర్చుని, ఆలోచించి పెట్టాడు, కావాలంటే తోట బదులు ఓడ పెట్టేవాడు, కొట్టు పెట్టేవాడు. కాబట్టి "ఎందుకు తోటే" అని అడగడం సబబు. భూకంపం సంగతి అలా కాదు, దాన్ని ఎవరో మనకేదో చెప్పడానికే పంపారు అన్నది ముందు తేలాలి కదా, అది తేలకుండానే దాని అర్థం ఏంటి అని కొట్టుకుంటే ఎలా. 1680లో పెద్ద తోకచుక్క కనిపించి యూరప్ జనం హడలిపోయినప్పుడు పియర్ బేల్ అనే ఆయన 1682లో అడిగింది ఇంచుమించు ఇదే. తోకచుక్క వచ్చాక చెడు జరిగింది అంటున్నారు, సరే, మరి తోకచుక్క రాని ఏళ్ళలో చెడు జరగలేదా, లెక్క చూశారా? అంతే, ఇంత చిన్న ప్రశ్న. కానీ అప్పట్లో అది అడగడానికి గుండె ధైర్యం కావాలి, ఆయన కూడా మొదటిసారి పేరు లేకుండానే వేసుకున్నాడు పుస్తకం.

ఇప్పుడు పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కి రండి. 1755 నవంబర్ 1, సకల పవిత్రుల పండగ, ఉదయం పూట జనం చర్చిల్లో ఉన్నారు, అప్పుడు భూమి కదిలింది, తర్వాత సముద్రం ఊరి మీదకొచ్చింది, ఆ పైన రోజుల తరబడి మంటలు. దీని మీద రెండు కాగితాలు క్లాసులో పక్కపక్కన పెట్టమంటాను. ఒకటి, మలాగ్రిడా అనే జెసూట్ (కేథలిక్ సన్యాసుల సంఘం) ఫాదర్ 1756లో వేసిన చిన్న పుస్తకం: కారణం తోకచుక్కలూ కాదు ఆవిర్లూ కాదు, మన పాపాలే అని. రెండోది, అదే ఏడు మంత్రి పోంబల్ ఊరూరా చర్చిలకి పంపించిన ప్రశ్నల కాగితం: ఎంతసేపు కదిలింది, తర్వాత ఎన్నిసార్లు కదిలింది, సముద్రం ముందు వెనక్కెళ్ళిందా ముందుకొచ్చిందా, ఎంతమంది పోయారు, నేల ఎక్కడైనా పగిలిందా. ఆ జవాబులు లిస్బన్‌లో జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. ఒకాయన భూకంపాన్ని ఉత్తరంలా చదివాడు, ఇంకొకాయన కొలతలు అడిగాడు. పిల్లలకి ఈ తేడా కళ్ళకి కడితే ఎన్‌లైటెన్‌మెంట్ మీద మీరు చెప్పాల్సిన దాంట్లో సగం అయిపోయినట్టే.

అయితే అక్కడితో ఆపేస్తే మళ్ళీ ఒక హీరో ఒక విలన్ కథ అయిపోతుంది, అందుకని ఆ తర్వాతి సంగతి కూడా చెప్పండి. మలాగ్రిడాని 1761లో ఇన్‌క్విజిషన్, అంటే మతద్రోహుల్ని విచారించే చర్చి కోర్టు, మతద్రోహి అని తేల్చి లిస్బన్‌లోనే చంపించింది, దాని వెనక ఉన్నది ఈ కొలతలు అడిగిన పోంబలే. లెక్కలడిగిన చెయ్యీ అదే, శత్రువుని కాల్చడానికి పాత యంత్రాన్ని వాడుకున్న చెయ్యీ అదే.

మరి తోట సంగతి. మీ అమ్మాయి ఇక్కడ కూడా రుజువు అడగాలి, అడగనివ్వండి. తోట ఒక ప్రతీక అని మనకెలా తెలుసు? పుస్తకంలోనే ఉంది. మొదట్లో హీరో కాండీడ్‌ని కోటలోంచి తన్ని తరిమేస్తారు, వెంటనే రెండో అధ్యాయం మొదలే వాడు భూలోక స్వర్గంలోంచి గెంటేయబడ్డాడని వోల్టేర్ రాస్తాడు. చివర్లో కాండీడ్ తోటలో పని చేద్దాం అన్నప్పుడు వాడి గురువు పాంగ్లాస్, ఏం జరిగినా అంతా మన మేలుకే అని వాదించే మనిషి, ఊరుకోకుండా బైబిల్ లాటిన్ ముక్క ఒకటి విసురుతాడు, మనిషిని ఏదెను తోటలో పెట్టింది పని చేయడానికే అని. అంటే ఒక తోటలోంచి గెంటేస్తే కథ మొదలైంది, ఇంకో తోటలో ముగిసింది, మొదటిది ఊరికే దొరికింది, రెండోది చెమటోడిస్తే తప్ప ఏమీ ఇవ్వదు. ఇది మనం ఊహించి అంటించింది కాదు, వాక్యాలు చూపించొచ్చు. భూకంపానికి అలా చూపించడానికి వాక్యం లేదు. ఇదే జవాబు.

ప్రశ్న: మా గైడ్‌లో ప్రతీకల పట్టిక ఉందండి. తోట అంటే శ్రమ, బంగారు దేశం అంటే ఆదర్శ సమాజం, ఎర్ర గొర్రెలు అంటే సంపద మీద ఆశ, ఇలా. బట్టీ పట్టేస్తే సరిపోతుందా?
— ఒక విద్యార్థి

జవాబు: పరీక్షకి సరిపోతుందేమో, నాకు మాత్రం కడుపు మండుతుంది. సొంతంగా ఆలోచించు అని గొంతు చించుకున్న కాలం నాటి పుస్తకానికి బట్టీ పట్టే పట్టికా!

గొడవ ఎక్కడంటే, అలాంటి పట్టిక కొన్నిటికి నిజంగానే పనిచేస్తుంది, అందుకే అన్నిటికీ పనిచేస్తుందనిపిస్తుంది. స్విఫ్ట్ 1726లో రాసిన 'గలివర్' ప్రయాణాల్లో లిల్లిపుట్ వాళ్ళ గుడ్డు గొడవ తీసుకో. గుడ్డుని పెద్ద కొస వైపు పగలగొట్టాలా చిన్న కొస వైపు పగలగొట్టాలా అని యుద్ధాలు, చిన్న కొస వైపు కొట్టమంటే ఒప్పుకోక పదకొండు వేల మంది చచ్చిపోయారంటాడు. ఇంత గొడవా ఎందుకు మొదలైందయ్యా అంటే, ఇప్పటి రాజుగారి తాత చిన్నప్పుడు పెద్ద కొస కొట్టబోయి వేలు కోసుకున్నాడట, వాళ్ళ నాన్న శాసనం వేసేశాడు. వాళ్ళ పవిత్ర గ్రంథంలో ఏముందో తెలుసా, నిజమైన భక్తులందరూ తమకి అనువైన వైపు పగలగొట్టుకోవాలి అని ఉంది! ఇది ఇంగ్లండులో కేథలిక్కులూ ప్రొటెస్టంట్లూ కొట్టుకున్న చరిత్ర మీద వ్యంగ్యం, ఇక్కడ ఇది ఇదీ అని గీత గీసి కలిపేయొచ్చు. రాసినవాడు మనం అలా కలపాలనే రాశాడు.

కాండీడ్ తోట అలా కుదరదు. అది శ్రమే అంటే ఒప్పుకుంటా, కానీ లోకం సంగతి మనకెందుకు అని తలుపేసుకోవడం కూడా అయ్యుండొచ్చు, లేదా పాంగ్లాస్ ఉపన్యాసం ఆపరా బాబూ అని నోరు మూయించడం మాత్రమే కావచ్చు. మూడింటికీ పుస్తకంలో ఆధారం దొరుకుతుంది. రెండున్నర శతాబ్దాలుగా చదివేవాళ్ళు తేల్చుకోలేదు, మీ గైడ్ ఒక్క మాటలో తేల్చేసింది.

పట్టిక ఎలా బోల్తా కొడుతుందో చూడాలంటే స్పెయిన్ చిత్రకారుడు గోయా 1799లో వేసిన బొమ్మల సెట్‌లో 43వది నెట్‌లో వెతికి చూడు, మొత్తం 80 ఉంటాయి. ఒకతను బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంటాడు, వెనకాల గుడ్లగూబలు, గబ్బిలాలు ముసురుకుని ఉంటాయి, బుద్ధి నిద్రపోతే రాక్షసులు పుడతాయి అన్న అర్థంలో బల్ల పక్కన రాసుంటుంది. నీ పట్టికలో గుడ్లగూబ అంటే జ్ఞానం కదా, గ్రీకుల కాలం నుంచీ అంతే కదా? మరి ఇక్కడ అది రాక్షసుల గుంపులో ఎందుకుంది? ఇంకాస్త దగ్గరగా చూడు, వాటిలో ఒక గుడ్లగూబ ఆ నిద్రపోయేవాడికి బొమ్మలు గీసే సుద్దకర్ర అందిస్తోంది. అంటే శత్రువా, సాయమా? కింద నేల మీద ఓ అడవిపిల్లి కళ్ళు విప్పార్చి మెలకువగా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు పాపం. ఆ బొమ్మ మీద పది నిమిషాలు మీ ఫ్రెండ్స్‌తో కొట్లాడు, గైడ్ ఎందుకు పనికిరాదో నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సురినామ్ బానిస వచ్చే చోట "తెగిన చెయ్యి దేనికి ప్రతీక" అని క్వశ్చన్ పేపర్‌లో ఇచ్చారు. నాకెందుకో ఆ ప్రశ్న నచ్చలేదు గానీ ఎందుకు నచ్చలేదో చెప్పలేకపోతున్నా.
— ఒక ట్యూటర్

జవాబు: నచ్చకపోవడమే న్యాయం. చదవని వాళ్ళ కోసం చెప్తున్నా, 19వ అధ్యాయంలో కాండీడ్‌కి దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో రోడ్డు పక్కన ఒక నల్ల బానిస పడి ఉండి కనిపిస్తాడు, ఎడమ కాలు లేదు, కుడి చెయ్యి లేదు, ఒంటి మీద సగం బట్టే. చెరకు మిల్లులో వేలు ఇరుక్కుంటే చెయ్యి నరుకుతారు, పారిపోబోతే కాలు నరుకుతారు, నాకు రెండూ జరిగాయి, మీరు యూరప్‌లో పంచదార తినేది ఈ ఖరీదుకే అంటాడు.

దాన్ని ప్రతీక అనేస్తే ఏమవుతుందంటే అది జరగలేదు అన్నట్టు అయిపోతుంది. జరిగింది. ఫ్రెంచ్ వలసల్లో బానిసల కోసం 1685లో చేసిన చట్టంలో, పారిపోయిన బానిసకి మొదటిసారి చెవులు కోసి భుజం మీద ముద్ర కాల్చాలి, రెండోసారి మోకాలి వెనక నరం కోసెయ్యాలి, మూడోసారి చంపెయ్యాలి అని అధికారికంగా రాసి ఉంది. సురినామ్ డచ్చివాళ్ళది, చట్టం వేరు, కానీ వోల్టేర్ పాఠకులు ఫ్రెంచివాళ్ళు, వాళ్ళింట్లో పంచదార ఎక్కడిదో వాళ్ళకి తెలుసు. కాబట్టి ఆ సీన్‌లో చెయ్యి అంటే చెయ్యే. నన్నడిగితే ప్రశ్నని ఇలా మార్చమంటాను: ఆ చట్టం ముక్క పక్కన పెట్టి, నవల దీన్ని ఎందుకు ఇంత మామూలు గొంతుతో, జోకులు ఆపేసి చెప్పింది? పుస్తకమంతా వెటకారం చేసినవాడు ఇక్కడ చెయ్యలేదు, కాండీడ్ కూడా పాంగ్లాస్ సిద్ధాంతాన్ని నోరు తెరిచి కాదనేది ఇక్కడే. అంతా బాగున్నప్పుడు కాదు, ఏమీ బాగోలేనప్పుడు కూడా అంతా బాగుంది అని మొండికెయ్యడమే ఆశావాదం అంటాడు, ఏడుస్తూ.

ఏది ప్రతీకో చెప్పడం ఎంత ముఖ్యమో ఏది కాదో చెప్పగలగడం కూడా అంతే ముఖ్యం, దీనికి మాత్రం ఎవరూ మార్కులు పెట్టరు.

ప్రశ్న: ఈ టాపిక్ చెప్పినప్పుడల్లా క్లాసు రెండుగా చీలిపోతుందండి. కొంతమంది మతం మీద జోకులు మొదలెడతారు, దేవుణ్ణి నమ్మే పిల్లలు నోరు మెదపరు. వాళ్ళని ఎలా కలుపుకోవాలి?
— ఒక హైస్కూల్ టీచర్

జవాబు: జోకులేసే పిల్లలకి వోల్టేర్ నాస్తికుడు కాదని చెప్పండి, సగం గాలి పోతుంది. ఆయన దేవుణ్ణి నమ్మాడు. తను ఉండే ఫెర్నే ఊళ్ళో సొంత డబ్బుతో చర్చి కట్టించి, 1761లో, దాని మీద "దేవుడి కోసం వోల్టేర్ కట్టించాడు" అని లాటిన్లో చెక్కించుకున్నాడు, మధ్యలో ఏ సెయింట్ పేరూ లేకుండా (తన పేరు మాత్రం బాగా కనపడేట్టు, అది వేరే సంగతి).

ఇంకోటి, పాంగ్లాస్ పాత్రతో వోల్టేర్ వెక్కిరించింది జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్‌ని, కానీ పాంగ్లాస్‌ని చూసి లైబ్నిజ్‌ని వెర్రివాడనుకోకూడదు. లైబ్నిజ్ 1710లో రాసింది వేరు, దేవుడు సాధ్యమైన లోకాలన్నిటిలో మేలైనదాన్ని ఎంచుకున్నాడు, అందులో చెడు కూడా ఉంటుంది అని, అంతేగానీ ముక్కులు కళ్ళజోడు పెట్టుకోడానికే పుట్టాయి అని ఆయన అనలేదు, అది పాంగ్లాస్ మాట. లైబ్నిజ్ ఒక పేజీ చదివించి, నమ్మే పిల్లల్ని ఆయన తరఫున వాదించమనండి. ఆ కాలపు ఇంకో తత్వవేత్త రూసో కూడా అలాంటి వాదనే చేశాడు, 1756 ఆగస్టులో వోల్టేర్‌కి ఉత్తరం రాస్తూ, ఆరేడు అంతస్తుల ఇళ్ళు ఇరవై వేలు ఒకచోట కట్టమని ప్రకృతి చెప్పిందా అని అడిగాడు. దేవుడి వైపు మాట్లాడుతూనే, నిపుణులు ఇవాళ కూడా వాడే పాయింట్ ఒకటి పట్టాడు చూడండి.

జోకులేసే వాళ్ళ కోసం ఐదో అధ్యాయం చదివించండి. కాండీడ్ రాళ్ళ కింద పడి, చచ్చిపోతున్నా కాస్త నూనె, వైన్ తెచ్చిపెట్టు అంటుంటే పాంగ్లాస్ ఏమంటాడు? ఈ భూకంపం కొత్తదేం కాదు, పోయినేడు లిమాలో ఇలాగే వచ్చింది, లిమా నుంచి లిస్బన్ దాకా భూమి కింద గంధకం పట్టీ ఉండి ఉండాలి అంటాడు. కాండీడ్ ఉండొచ్చు అంటే, ఉండొచ్చు ఏంటి, అది రుజువైపోయింది అని కసురుకుంటాడు, ఆ లోపు వాడు స్పృహ తప్పుతాడు. గమనించారా, ఇక్కడ పాంగ్లాస్ దేవుడి మాటే ఎత్తలేదు! చెప్పింది సైన్సులాంటి కారణమే, ఆధారం మాత్రం సున్నా. తర్వాతి అధ్యాయంలో పండితులు కొంతమందిని నెమ్మదిగా కాలిస్తే భూకంపాలు రావు అని తేలుస్తారు, ఆ తంతు జరిగిన రోజే భూమి మళ్ళీ కదులుతుంది. రెండు చోట్లా వోల్టేర్ కొట్టింది ఒకే దెబ్బ, తెలియకుండా తెలిసినట్టు మాట్లాడేవాళ్ళని. ఏ వైపు కూర్చున్న పిల్లాడికైనా తగిలే దెబ్బే అది.

ప్రశ్న: అంత ధైర్యం ఉన్నవాళ్ళు సూటిగా చెప్పకుండా ఈ గుడ్లూ తోటలూ ఎందుకు?
— ఒక పాఠకుడు

జవాబు: జైలుంది కాబట్టి, మొదటి కారణం అదే. 1757 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో మతం మీద, రాజ్యం మీద జనాన్ని రెచ్చగొట్టే రాతలకి మరణశిక్ష అని ప్రకటన చేశారు. 'కాండీడ్' 1759లో వచ్చినప్పుడు వోల్టేర్ పేరు లేదు దాని మీద, ఎవరో డాక్టర్ రాల్ఫ్ జర్మన్లో రాసిందానికి అనువాదం అని వేశారు. జెనీవాలోనూ పారిస్‌లోనూ నిషేధించారు, 1762లో రోమ్ కూడా నిషిద్ధ పుస్తకాల జాబితాలో పడేసింది.

వోల్టేర్ కాలంవాడే దిదెరో, అతని మిత్రులు కలిసి తెచ్చిన ఎన్‌సైక్లోపీడియాలో అయితే ఇంకా కొంటెతనం. నరమాంస భక్షకుల మీద వ్యాసం చివర, వీటిని కూడా చూడండి అని ఇచ్చినవేంటంటే, చర్చిలో ప్రసాదం తీసుకునే తంతు, దాని తాలూకు మాటలు! వ్యాసంలో ఒక్క తప్పు మాట ఉండదు, పట్టుకోడానికి ఏమీ దొరకదు. సెన్సార్ ఆఫీసరు ఇది మతాన్ని వెక్కిరించడమే అని లేస్తే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పోలిక తోచింది తనకే అని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ ఎన్‌సైక్లోపీడియాకి 1759లో అనుమతి పీకేశారనుకోండి, మిగతా సంపుటాలు చాటుగా అచ్చేసుకున్నారు.

భయం ఒక్కటే కాదు గానీ. సూటిగా చెప్తే చదివేవాడు అయితే ఒప్పుకుంటాడు లేకపోతే కాదంటాడు. గుడ్డు ముందు పెడితే ముందు నవ్వుతాడు, నవ్వాక తను దేని మీద నవ్వాడో తనకే అర్థమవుతుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది.

ప్రశ్న: ముందు చరిత్ర చెప్పి తర్వాత పుస్తకమా, లేక పుస్తకం తర్వాత చరిత్రా? ఇంకా, ప్రతీకల జవాబులకి మార్కులు ఎలా వెయ్యాలి?
— ఇంకో లెక్చరర్

జవాబు: రెండూ కాదు, ముందు బొమ్మ. ఎన్‌సైక్లోపీడియా కోసం కోషన్ అనే చిత్రకారుడు 1764లో గీసిన ముఖచిత్రం ఉంది, పైన మేలిముసుగులో సత్యం, చుట్టూ వెలుగు, పక్కన బుద్ధీ తత్వశాస్త్రమూ ఆ ముసుగు లాగేస్తుంటాయి, కింద శాస్త్రాలూ కళలూ గుంపుగా. ఆ పేర్లేవీ చెప్పకుండా చూపించండి, ఎవరు ఎవరో వాళ్ళనే కనిపెట్టమనండి. మోకాళ్ళ మీద ఉన్న ఆడమనిషి ఎవరు అన్న దగ్గర అందరూ ఆగిపోతారు, ఆమె మతశాస్త్రం. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వెయ్యండి, వెలుగు అంటే సత్యం అని వీళ్ళకి ఎవరు చెప్పారు, అది చర్చి వందల ఏళ్ళుగా వాడుకున్న గుర్తు కాదా? నమ్మకాల్ని నిలదీసినవాళ్ళు కూడా గుర్తులు కొత్తగా పుట్టించలేదు, ఉన్నవాటినే లాక్కున్నారు. ఇది తెలిశాక పుస్తకం, చరిత్ర ఎక్కడ అవసరమైతే అక్కడ మధ్యలో ఆపి చెప్పండి, ముందే మొత్తం కుమ్మరిస్తే పిల్లలు నవలలో దానికి ఉదాహరణలు మాత్రమే ఏరుకుంటారు.

మార్కులా? పదిలో మూడు, ఇది దేనికి గుర్తు అన్నదానికి. ఐదు, ఏ వాక్యాలు చూసి అలా అంటున్నావ్ అన్నదానికి. మిగతా రెండు, నీ అర్థానికి అడ్డొచ్చే వాక్యం ఒక్కటైనా చూపించినవాళ్ళకి. ఆ రెండు మార్కులు మొదట్లో ఎవరికీ రావు, గోల చేస్తారు, చెయ్యనివ్వండి.